పాతికేళ్ల పండుగ, యాభయ్యేళ్ల పండుగ: సేవా సంస్థల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఒక చిన్న సేవా సంస్థకు నేను చాలాకాలం సంయుక్త కార్యదర్శిగా పనిచేశాను. మా రజతోత్సవం పని దాదాపు అంతా నా మీదే పడింది. తెలియక కొన్ని తప్పులు చేశాను, తెలిసి కూడా కొన్నిటిని ఆపలేకపోయాను. ఆ తర్వాత విజయవాడ, తెనాలి, నరసరావుపేటల నుంచి వేరే సంస్థల వాళ్లు ఫోన్ చేసి సలహా అడగడం మొదలుపెట్టారు. అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎవరు ఫోన్ చేసినా ముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను: మీ సభలో మొదటి వరుస కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలనుకుంటున్నారు? ఏ నెలలో చేయాలి, ఏ హాలు తీసుకోవాలి, ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, భోజనం ఎప్పుడు పెట్టాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. కింది జవాబులు చదివేటప్పుడు ఆ మొదటి వరుసను గుర్తుంచుకోండి.

ఎన్నేళ్లకు ఏ ఉత్సవం అంటారు?

25కి రజతోత్సవం, 50కి స్వర్ణోత్సవం, 100కి శతాబ్ది ఉత్సవం. ఈ మూడింటి మీద ఎవరికీ పేచీ లేదు. వజ్రోత్సవం దగ్గరే తికమక. కొందరు 60 ఏళ్లకు అంటారు, కొందరు 75కి అంటారు. స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండినప్పుడు అమృతోత్సవం అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది కాబట్టి 75కి ఆ పేరు పెడితే అందరికీ అర్థమవుతుంది. ఏ పేరు పెట్టినా ఆహ్వాన పత్రికలో అంకె కూడా వేయండి. 10, 40 లాంటి ఏళ్లకు ప్రత్యేకంగా పేరు వెతకనక్కర్లేదు, 'పదేళ్ల పండుగ' అంటే చాలు.

మేం పని మొదలుపెట్టింది ఒక ఏడాది, రిజిస్ట్రేషన్ అయింది ఇంకో ఏడాది. దేన్నుంచి లెక్కపెట్టాలి?

పని మొదలైన రోజు నుంచే లెక్కపెట్టమని నేను చెబుతాను. కానీ దానికి ఆధారం ఉండాలి.

మన దగ్గర చాలా సంస్థలు ఎవరి ఇంటి వరండాలోనో, గుడి మండపంలోనో, బడి గదిలోనో మొదలై మూడు నాలుగేళ్ల తర్వాత రిజిస్టర్ అయినవే. పాతవైతే ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటాయి. 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాక పెట్టినవి దాని కింద ఉంటాయి. సర్టిఫికెట్ మీది తేదీకి చట్టరీత్యా విలువ ఉంది. ఆడిటర్‌కు, బ్యాంకుకు, ప్రభుత్వానికి రాసే కాగితాల్లో ఆ తేదీనే వాడాలి. సంస్థ ఎప్పుడు పుట్టిందంటే మాత్రం ఆ తేదీ చెప్పలేం.

విజయవాడలో అందరికీ తెలిసిన నాస్తిక కేంద్రాన్నే చూడండి. గోరా, సరస్వతీ గోరా దాన్ని మొదలుపెట్టింది 1940లో, కృష్ణా జిల్లా ముదునూరులో. అది విజయవాడ పటమటకు మారింది 1947లో. ఊరు మారినా, చిరునామా మారినా పుట్టిన ఏడాది మారదు. మీ సంస్థకూ ఇదే వర్తిస్తుంది.

ఆధారాల కోసం మొదటి మినిట్స్ బుక్కు, మొదటి రసీదు పుస్తకం, పాత బ్యాంకు పాస్‌బుక్కు, అప్పట్లో పత్రికలో వచ్చిన వార్త వెతకండి. బాగా పాత సంస్థ అయితే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు జాగ్రత్తగా ఉంచారు. కాగితం ఏదీ దొరక్కపోతే మొదటిరోజు ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి రాసుకోండి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. తేదీ తేలాక కార్యవర్గంలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయండి. తర్వాత వచ్చేవాళ్లకు ఈ గొడవ ఉండదు.

ఆ డబ్బు పెట్టి ఇంకో పదిమంది పిల్లల్ని చదివించవచ్చు కదా? అసలు ఉత్సవం అవసరమా?

ఈ ప్రశ్న ప్రతి కార్యవర్గంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్ల మీద విసుక్కోవద్దు. వాళ్లు ఉండబట్టే మీ సంస్థ ఇన్నేళ్లు నిలబడింది.

నా జవాబు ఇది. పాతికేళ్లు జీతం లేకుండా లెక్కలు రాసిన మాస్టారికి, ప్రతి ఆదివారం వైద్య శిబిరంలో మందులు పంచిన నర్సమ్మకు, అద్దె తీసుకోకుండా గది ఇచ్చిన ఇంటివాళ్లకు నలుగురిలో ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పాలి. అందుకు పండుగ కావాలి. ఇక్కడ చదువుకుని ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు మళ్లీ ఒకచోట కలవడానికి కూడా కావాలి. ఈ రెంటికీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. వేదిక అలంకరణకు, ఎల్‌ఈడీ తెరలకు, పూలదండలకు అయ్యే ఖర్చు మీద మీ మిత్రుడు అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే.

నిత్యం నడిచే పనికి ఉన్న డబ్బు ముట్టుకోకూడదు. ఉత్సవానికి విడిగా చందాలు వేసుకోండి, విడి పద్దు రాయండి. వచ్చినంతలోనే చేయండి.

ఎంత ముందుగా మొదలుపెట్టాలి?

రజతోత్సవానికి ఎనిమిది నెలలు, స్వర్ణోత్సవానికి ఏడాదిన్నర. హాలు, భోజనాల పని రెండు నెలల్లో అయిపోతుంది. పాత మనుషుల్ని వెతకడానికి, ఉత్సవ జ్ఞాపక సంచిక (సావనీర్) రాయడానికి మాత్రం నెలలు పడుతుంది. పదిహేనేళ్ల కింద మీ ట్యూషన్ సెంటర్‌లో చదివిన అమ్మాయి పెళ్లయి ఏ ఊళ్లో ఉందో కనుక్కోవాలంటే వాళ్ల పిన్నిని, పక్కింటివాళ్లను, పాత స్నేహితురాలిని అడుగుతూ పోవాలి.

ఏ నెల మంచిది?

మన ప్రాంతంలో దీనికి జవాబు పంచాంగం, పంట, ఎండ మూడూ కలిసి చెబుతాయి.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్ల నెలలు. హాళ్లు దొరకవు. దొరికినా రేటు ఎక్కువ, వంటవాళ్లు కూడా ఖాళీగా ఉండరు. ఆషాఢంలో హాళ్లు ఖాళీగా ఉంటాయి. శుభకార్యాలకు మంచిది కాదనుకునే నెలే కానీ సభకు ఏ అడ్డూ లేదు. పైగా అమెరికాలో బడులకు సెలవులు కాబట్టి అక్కడున్న మీ పాత విద్యార్థులు పిల్లలతో వచ్చేదీ దాదాపు అప్పుడే. నన్నడిగితే ఆషాఢమే అంటాను. కార్తీకం కూడా బాగుంటుంది. సభ బదులు వనభోజనంలా చేస్తే పాతవాళ్లు ఇంకా మనసు విప్పి మాట్లాడుకుంటారు. ఆదివారాలకు మాత్రం తోటలు ముందే బుక్ చేసుకోవాలి.

దసరా పదిరోజులు విజయవాడలో ఏమీ పెట్టుకోవద్దు. ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులతో లాడ్జీల్లో గదులు దొరకవు, ట్రాఫిక్ మళ్లిస్తారు, పోలీసులంతా అక్కడే ఉంటారు. 2028లో కృష్ణా పుష్కరాలు ఉన్నాయి, ఆ ఏడాది ఉత్సవం ఉన్నవాళ్లు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. జనవరి మొదటి పది రోజులు విజయవాడలో పుస్తక మహోత్సవం నడుస్తుంటుంది. మీది గ్రంథాలయం లాంటి సంస్థ అయితే అది కలిసొచ్చే కాలం. మే నెలలో పగటి సభ పెట్టి ముసలివాళ్లను ఎండలో తిప్పడం పాపం.

చాలామంది మర్చిపోయేది మిరప కోతల కాలం. గుంటూరు, పల్నాడు పల్లెల్లో జనవరి నుంచి మార్చి దాకా కూలిపనికి గిరాకీ. ఆ రోజుల్లో సభకు రమ్మంటే ఒక తల్లి ఆ రోజు కూలి వదులుకుని రావాలి. మొదటి వరుసలో ఆమె కూర్చోవాలని మీరు అనుకుంటే ఆ నెలలు వద్దు. రైతు దాతల దగ్గర డబ్బు ఆడేది మాత్రం మిర్చి యార్డులో సరుకు అమ్ముడయ్యాకే. కాబట్టి చందాలు వేసవి మొదట్లో అడిగి, పండుగ ఆషాఢంలో చేసుకోండి.

హాలు ఎలా ఎంచుకోవాలి?

విజయవాడలో పెద్ద సభలకు నగరపాలక సంస్థ నడిపే తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, మొగల్రాజపురం సిద్ధార్థ కాలేజీ ఆడిటోరియం, మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రం అందరికీ తెలిసినవి. గుంటూరులో శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య కళావేదిక. మీకు ఇవేవీ అవసరం లేకపోవచ్చు. రెండొందల మందికి వెయ్యి సీట్ల హాలు తీసుకుంటే ఎంత మంచి సభైనా వెలవెలబోతుంది. మీ సంస్థ పుట్టిన బడి ఆవరణలోనే షామియానా వేసి చేస్తే వచ్చినవాళ్లకు 'నేను కూర్చున్న గది అదిగో' అని చూపించుకునే ఆనందం ఉంటుంది.

అడ్వాన్సు కట్టేముందు మీరే ఒకసారి వెళ్లి నాలుగు విషయాలు చూడండి. మెట్లు ఎక్కలేని వాళ్లకు ర్యాంపు ఉందా, ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ పడుతుందా, జనరేటర్ ఖర్చు అద్దెలో కలిసిందా, వంట వాళ్లకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి. ఎన్ని సీట్లున్నాయో ఆ తర్వాత అడగండి.

ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి?

మా రజతోత్సవానికి ఒక పెద్ద పదవిలో ఉన్నాయనను పిలిచాం. సభ ఐదున్నరకు అనుకున్నాం. ఆయన వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఆయన రాకుండా జ్యోతి ప్రజ్వలన చేయకూడదని మా పెద్దలు పట్టుబట్టారు. మొదటి ఏడాది నుంచి మా పిల్లలకు ఒక పూట వండిపెట్టిన అవ్వ ఒకామె పల్లె నుంచి వచ్చి మధ్యాహ్నం మూడింటి నుంచి కూర్చుని ఉంది. ఆమెకు వేదిక మీద సన్మానం పెట్టుకున్నాం. ఎనిమిదింటికి ఆఖరి బస్సు అని లేచి వెళ్లిపోయింది. ఆమెకు కప్పాల్సిన శాలువా మర్నాడు నేను ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. "ఎందుకమ్మా ఇంత దూరం వచ్చావు, నువ్వు ఫోన్ చేస్తే సరిపోయేది" అంది. నా మీద ఆమెకు కోపం లేదు. నాకే ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, పెద్దవాళ్లను పిలవండి కానీ సభను వాళ్ల రాకకు కట్టేయవద్దు. ఆహ్వాన పత్రికలో మొదటి అరగంట మీ సొంత మనుషుల సన్మానం పెట్టండి. ఈ సమయానికి సభ మొదలవుతుందని అతిథి కార్యాలయానికి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఆయన మధ్యలో వస్తే లేచి నిలబడి గౌరవించండి, ఆ మాట్లాడేది ఎవరో వాళ్ల మాట పూర్తయ్యాక ఆహ్వానించండి. ఇది అమర్యాద కాదు. ఇలా ముందే చెబితే చాలామంది సమయానికే వస్తారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ప్రోటోకాల్ విషయంలో ఒక చిక్కు వచ్చింది. పాత గుంటూరు జిల్లా అంతటా పనిచేసిన సంస్థకు ఇప్పుడు గుంటూరు, పల్నాడు, బాపట్ల మూడు జిల్లాల అధికారులతో సంబంధం ఉంటుంది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పాత జాబితా చూసి పత్రికలు పంపకండి. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే పదవిలో ఉన్నవాళ్లు రాలేరు, ఆ సమయంలో పెట్టుకుంటే అతిథి విషయం ముందే ఆలోచించుకోండి.

వేదిక మీద ఏడుగురికి మించి వద్దు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. 'సమయాభావం వల్ల' అంటూ మీ పాత విద్యార్థి మాటను కత్తిరించే పరిస్థితి రానివ్వకండి.

మా సహాయం పొందినవాళ్లను వేదిక మీదికి పిలిచి మాట్లాడించవచ్చా?

వాళ్లకు ఇష్టమైతే పిలవండి. 'లబ్ధిదారులు' అన్న మాట ఆహ్వాన పత్రికలో, మైకులో వాడకండి. పేరు పెట్టి పిలవండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పి పరిచయం చేయండి. తన పేదరికం గురించి మాట్లాడమని ఎవరినీ అడగవద్దు. అమ్మానాన్నలు, అత్తగారు, తోటి ఉద్యోగులు కూడా ఆ సభలో ఉండవచ్చు.

పిల్లల ఆశ్రమాలు నడిపేవాళ్లకు ఇది చట్టం కూడా. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు తెలిసేలా పేరు, చిరునామా, బడి, ఫొటో ప్రచురించకూడదు. సంచికలో, ఫ్లెక్సీలో, వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల ముఖాలు వేసేస్తున్నారు. అది తప్పు. హెచ్ఐవీ బాధితులతో పనిచేసే సంస్థలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిల్లలతో పాట పాడించాలనుకుంటే పాడించండి, ఫొటోగ్రాఫర్‌కు మాత్రం వెనకనుంచే తీయమని ముందే చెప్పండి.

సంచిక వేయాలా? సావనీర్ అంటే ప్రకటనలేగా?

సంచిక వేయాలి. మొత్తం ఉత్సవంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. మర్నాడు షామియానా విప్పేస్తారు, పూలు వాడిపోతాయి. సంచిక మాత్రం ఎవరి ఇంటి బీరువాలోనో ఉండి ఇరవై ఏళ్ల తర్వాత కూడా బయటికి వస్తుంది.

చరిత్ర భాగం రాయించే పని భాష బాగా వచ్చినాయనకు ఇచ్చేస్తుంటారు. ఆయన 'సేవే పరమావధిగా' అని మొదలుపెట్టి పది పేజీలు రాస్తారు, అందులో ఒక్క మనిషి పేరూ ఒక్క రూపాయి లెక్కా ఉండదు. దాని బదులు మినిట్స్ బుక్కులు ముందు పెట్టుకుని ఏడాదికి ఒక పేజీ రాయండి. ఆ ఏడు ఎంతమంది పిల్లలు, ఎన్ని రూపాయలు వచ్చాయి, ఎంత ఖర్చయింది, ఎవరు చేరారు, ఎవరు వెళ్లారు, ఏ పని ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది. ఆగిపోయిన పనుల గురించి కూడా రాసిన సంస్థను జనం నమ్ముతారు.

పాతవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపేసి, టీవీ ఆపేసి, ఒక్కరే ఉన్నప్పుడు. ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతే పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టండి, వెంటనే మాటలు వస్తాయి. మా మొదటి కోశాధికారి అరండల్‌పేటలో ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం ఎలా పోగుచేశారో అలాగే తెలిసింది. ఏ మినిట్స్‌లోనూ ఆ సంగతి లేదు. ఆయన ఆ తర్వాతి ఏడాదే పోయారు.

చనిపోయిన కార్యకర్తల పేర్లన్నీ ఒక పేజీలో వేయండి. వాచ్‌మన్ పేరు, ఆయా పేరు కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. ఆ పేజీకి ప్రూఫు ముగ్గురు చూడాలి. బతికి ఉన్నవాళ్ల పేరు పొరపాటున అందులో పడినా, పోయినవాళ్ల పేరు జారిపోయినా ఆ కుటుంబం ఎప్పటికీ మర్చిపోదు.

ప్రకటనలు తీసుకోవడంలో తప్పేం లేదు, ముద్రణ ఖర్చు వస్తుంది. ప్రకటనలన్నీ చివర వేయండి, చరిత్ర మధ్యలో దూర్చవద్దు. విజయవాడలో ప్రెస్సులకు కొదవ లేదు. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. డైరీలు, క్యాలెండర్ల సీజన్ అయిన నవంబరు, డిసెంబరు తప్పించండి. అచ్చయ్యాక ఊళ్లోని గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి ఇవ్వండి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ విజయవాడలోనే. ఆ ఊరి సంస్థల చరిత్ర ఆ ఊరి గ్రంథాలయంలో దొరకాలి.

చందాలు, రసీదుల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉత్సవం పేరుతో విడి రసీదు పుస్తకం అచ్చు వేయించండి, నంబర్లు వరుసగా ఉండాలి. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసుకోండి. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) ఉన్న సంస్థ అయితే 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి. యూపీఐ, చెక్కు అయితే చిక్కు లేదు. దాత పాన్ నంబరు అప్పుడే తీసుకోండి, తర్వాత అడిగితే ఫోన్ ఎత్తరు. ఒకే మనిషి నుంచి 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. రసీదు మీద ఏ నంబరు వేయాలో అచ్చుకు ముందు ఆడిటర్‌కు చూపించండి. ఖర్చుల్లో కూడా టెంట్ హౌస్‌కు, కేటరింగ్‌కు నగదు ఇవ్వకండి. ఒకరికి ఒకరోజు 10,000 దాటితే బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

కంపెనీ వాళ్లు సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక సేవకు పెట్టే ఖర్చు) కింద ఉత్సవానికి ఇస్తామంటే ఒక్క మాట. ఒక్కరోజు సభలు, అవార్డుల కార్యక్రమాలు సీఎస్ఆర్ కిందికి రావని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే స్పష్టం చేసింది. వాళ్లను సభ ఖర్చు అడగకండి. ఉత్సవ సందర్భంగా కొత్తగా మొదలుపెట్టే పనికి అడగండి. ఒక ల్యాబ్, ఒక అంబులెన్స్, నాలుగేళ్ల స్కాలర్‌షిప్పు లాంటివి.

అమెరికాలో ఉన్న మా పాత విద్యార్థులు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

తెనాలి, గుంటూరు వైపు ఈ ప్రశ్న అడగని సంస్థ లేదు. చూడాల్సింది వాళ్లు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, ఏ పాస్‌పోర్టు ఉందన్నది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నాయన తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలుగా తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాయన ఇస్తే విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఆయన ఇక్కడికి వచ్చి మీ చేతిలో రూపాయల్లో పెట్టినా అంతే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయినా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే ఆ డబ్బు రావాలి.

వేదిక మీద ఉత్సాహంతో ఒకాయన లక్ష రూపాయలు ప్రకటించి కవరు ఇచ్చేస్తారు, సభంతా చప్పట్లు. ఆ కవరు సంస్థను చిక్కుల్లో పడేస్తుంది. విదేశాల నుంచి వచ్చే అతిథులందరికీ నెలముందే మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. పేదపిల్లల కోసం మీరు పాతికేళ్లుగా కాపాడుకున్న సంస్థ ఒక్క సాయంత్రంలో చిక్కుల్లో పడకూడదు.

భోజనాలు?

శాకాహారం, వేడిగా, సమయానికి. పప్పు, గోంగూర, పులిహోర, సాంబారు, పెరుగు, ఒక బూరె. ఇరవై రకాల బఫే పెడితే ముసలివాళ్లు ప్లేటు పట్టుకుని నిలబడలేక సగం తిని వదిలేస్తారు. కూర్చోబెట్టి వడ్డించండి, కార్యవర్గ సభ్యులే వడ్డిస్తే ఇంకా మంచిది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు భోజనం ఆలస్యం చేయకండి. ఉదయం పదింటికి సభ, పన్నెండున్నరకు భోజనం, నాలుగింటికల్లా బస్సు ఎక్కేలా ఉంటే అందరికీ హాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి గుర్తింపు కార్డు తెచ్చుకోమని గుర్తుచేయండి. మగవాళ్లకు రానుపోను ఛార్జీ కవరులో పెట్టి ఇవ్వడం మర్చిపోకండి.

పర్మిషన్లు ఏమేం కావాలి?

బయట మైకు పెడితే పోలీసు అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు కుదరదు. రోడ్డు మీద ఊరేగింపు అయితే ట్రాఫిక్ వాళ్లకు కూడా రాయాలి. ఇంకోటి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, థర్మోకోల్ అలంకరణ, ఆహ్వాన పత్రికలకు చుట్టే ప్లాస్టిక్ కవరు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు అన్నీ అందులో ఉన్నాయి. గుడ్డ బ్యానర్ రాయించండి. చేత్తో రాసే ఆర్టిస్టులు ఇంకా ఉన్నారు, వాళ్లకు పని దొరుకుతుంది.

శాలువాలు, జ్ఞాపికలు?

శాలువాలు తగ్గించండి. మంగళగిరి చేనేత కండువా గానీ, చీర గానీ ఇస్తే వాడుకుంటారు, నేసినవాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి. అద్దాల ఫ్రేము మెమెంటోలు పెట్టుకునే చోటు చిన్న ఇళ్లలో ఉండదు. అప్పటి ఫొటో ఒకటి వెతికి లామినేషన్ చేసి ఇస్తే జన్మంతా గోడకు ఉంటుంది.

అంతా సిద్ధమయ్యాక వానలు, వరదలు వస్తే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. అలాంటప్పుడు సేవా సంస్థ ఉత్సవం చేసుకోవడం కుదరదు, చేసుకోవాలనీ అనిపించదు. వాయిదా వేయండి, ఆ భోజనాల డబ్బుతో ఆ వంటవాళ్ల చేతనే వండించి వరద ప్రాంతానికి పంపండి. ఇందుకోసం హాలు, కేటరింగ్, ప్రెస్ ఒప్పందాల్లో వాయిదా పడితే అడ్వాన్సు ఏమవుతుందో ముందే రాయించుకోవాలి. నోటిమాట మీద వదిలేయకండి. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఏ తేదీ పెట్టినా ఇంకో తేదీ కూడా మనసులో ఉంచుకోండి.

గొడవపడి బయటికి వెళ్లిపోయిన పాత అధ్యక్షుడిని పిలవాలా?

పిలవాలి. పోస్టులో పత్రిక పంపడం కాదు, ఇద్దరు ఇంటికి వెళ్లి పిలవాలి. వెళ్లేవాళ్లలో ఒకరు ఆ గొడవలో ఆయనకు ఎదురు నిలబడినాయన అయితే మరీ మంచిది. 'మీరున్న తొమ్మిదేళ్లు సంచికలో రాశాం, ఒకసారి చూసి తప్పులు దిద్దండి' అని ఆ పేజీలు చేతిలో పెట్టండి. రాకపోవచ్చు. కోపంగా నాలుగు మాటలు అనొచ్చు. విని రండి. డబ్బు తిన్నట్టు తేలి బయటికి పంపినవాళ్ల సంగతి వేరు. వాళ్లను పిలవనక్కర్లేదు, సంచికలో ఆ విషయం మీద వ్యాఖ్య కూడా అక్కర్లేదు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో తేదీలు వేస్తే చాలు.

ఉత్సవం అయిపోయింది. తర్వాత ఏం చేయాలి?

వారంలోపు బిల్లులన్నీ కట్టేయండి. పదిహేను రోజుల్లో జమాఖర్చులు ఒక కాగితం మీద వేసి చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పంపండి, పది రూపాయలు ఇచ్చినవాళ్లకు కూడా. పెద్ద దాతలకు ఉత్తరం చాలు. వంటవాళ్లకు, సౌండ్ అబ్బాయికి, కుర్చీలు వేసిన పిల్లలకు మాత్రం ఫోన్ చేసి చెప్పండి. రాలేకపోయిన పెద్దవాళ్లకు సంచిక, ఒక స్వీటు డబ్బా మనిషి చేత పంపండి.

మీరు రికార్డు చేసిన మాటలు, స్కాన్ చేసిన ఫొటోలు, వెతికి పట్టుకున్న ఫోన్ నంబర్ల జాబితా రెండు హార్డ్ డిస్కుల్లో వేసి రెండు చోట్ల పెట్టండి. అసలు కాగితాలు ఒక రేకు పెట్టెలో, కలరా ఉండలు వేసి, కార్యాలయంలో ఉంచండి. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుందో మినిట్స్‌లో రాయండి. పెట్టె మూత మీద పెయింటుతో వచ్చే ఉత్సవం జరగాల్సిన ఏడాది వేయించండి.